ముందు ఒకటి పెట్టి చూడు

మా ఆయన్ని బడిలో పిల్లలు ఎన్ మాస్టారు అంటారు. ఎదురుగా కాదు లెండి, వెనకాల. మా ఇంటి ముందుగదే నా సెలూన్. జుట్టు కత్తిరించుకోవడానికి వచ్చిన ఆడపిల్లలు మాటల్లో ఆ పేరు అనేసి, అద్దంలో నా మొహం చూసి నాలిక కరుచుకునేవాళ్లు. "పర్లేదులేవే, నేను మోసుకెళ్లి చెప్పను," అనేదాన్ని. నిజం చెప్పొద్దూ, ఆ పేరు నాకూ నచ్చేది. లెక్కల మాస్టారు కదా, పెళ్లయిన కొత్తలో భోజనాల దగ్గర కూడా సూత్రాల్లో అంకె బదులు రాసే ఆ ఎన్ అక్షరం గురించే మాట్లాడిన మనిషి మరి.

"ఇంతకీ ఆ ఎన్ అంటే ఎంతండీ?" అని ఒకసారి అడిగాను. నాకు లెక్కలు చిన్నప్పటినుంచీ పడవు.

"ఎంతైనా! నీకు కావాల్సినంత. ఇప్పటిదాకా ఎవరూ లెక్కపెట్టనంత," అన్నాడు.

"అంటే మీకూ తెలీదన్నమాట," అన్నాను. తింటున్న కంచం పక్కకి జరిపి మరీ పగలబడి నవ్వాడు. ఆ తర్వాత ఇంటికెవరొచ్చినా ఆ ముచ్చట చెప్పి మళ్లీ నవ్వేవాడు.

ఆ మనిషే ఒకరోజు బోర్డు మీద రాస్తూ రాస్తూ చేతిలోంచి సుద్దముక్క జారిపోతే, తీసుకుందామని వంగి, వంగినవాడు వంగినట్టే కూలిపోయాడు. మెదడులో రక్తం గడ్డ కట్టిందన్నారు. ఆసుపత్రి చుట్టూ తిరిగి, కాళ్లూ చేతులూ ఆడించి, మాట తెప్పించి, మనిషిని మళ్లీ నిలబెట్టుకున్నాను. చూడ్డానికి వచ్చినవాళ్లంతా "లక్షణంగా ఉన్నాడమ్మా, ఏమీ తెలియట్లేదు," అన్నారు. మా ఆయన అక్క, అంటే మా వదిన, మరీనూ. "నా తమ్ముడికేం, నిక్షేపంలా ఉన్నాడు. నువ్వే కంగారు పడి వాణ్ని కంగారు పెట్టేస్తున్నావు," అని నన్ను దులిపేసి వెళ్లింది. డాక్టరు కూడా చిన్న దెబ్బే అన్నాడు. చిన్నదట! లోపల ఏం పోయిందో ఆయనకి తెలుసా పాడా?

ఏం పోయిందో నాకు వంటింటి బల్ల దగ్గర తెలిసింది. మధ్యాహ్నం సెలూన్‌లో ఎవరూ లేరు కదా అని లోపలికి వెళితే, మా ఆయన అగ్గిపుల్లలు పేరుస్తున్నాడు. నాలుగు పుల్లలతో ఒక చతురస్రం. దానికి ఆనుకుని ఇంకొకటి, మధ్య పుల్ల రెండిటికీ ఉమ్మడి. ఆ పక్కన ఇంకొకటి. వరసగా గదులు కట్టినట్టు. నాలుగు, ఏడు, పది, పదమూడు. ఏటా ఈ పాఠం వచ్చే ముందు మా బల్ల నిండా ఇవే ఉంటాయి. పొయ్యి వెలిగించడానికి పుల్ల దొరక్క నేను అరిచేదాన్ని. ఇన్నాళ్లకి మళ్లీ ఆ వరస చూసేసరికి ప్రాణం లేచొచ్చింది.

"నూరు గదులకి ఎన్ని పుల్లలు మాస్టారూ?" అన్నాను వేళాకోళంగా. మామూలుగా నా మాట పూర్తయ్యేలోపే జవాబు వచ్చేది.

ఈసారి జవాబు రాలేదు. పుల్ల తీసి పెట్టాడు. ఇంకోటి పెట్టాడు. గది కట్టాడు. మళ్లీ గది. పెట్టె ఖాళీ అయింది. "ఇంకోటి ఉందా?" అన్నాడు. ఇచ్చాను. అదీ అయిపోయింది. వరస బల్ల అంచుకొచ్చి ఆగింది. ఆయన నుదురంతా చెమట.

"తర్వాతది ఎంతో తెలుస్తోందోయ్. దాని తర్వాతదీ తెలుస్తోంది. నూరు దగ్గరికి ఒక్కసారిగా వెళ్లడం రావట్లేదు. మధ్యలోవన్నీ కట్టుకుంటూ పోతేగానీ చేరలేను," అన్నాడు.

"అదేంటండీ, ఎన్ పెట్టండి. ఎప్పుడూ పెట్టేదేగా."

మా ఆయన నా మొహంలోకి చూశాడు. "ఎన్ అంటే ఎంత?" అన్నాడు.

ఆట పట్టిస్తున్నాడేమో అనుకున్నాను. కాదు. నిజంగానే అడుగుతున్నాడు.

ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పే లోపే బడి హెడ్‌మేడమ్ వచ్చింది. మంచిదే పాపం, పిల్లలకి భాష చెప్పేది ఒకప్పుడు. వచ్చి నా సెలూన్ కుర్చీలోనే కూర్చుంది. మా ఆయన లోపలి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"ఆ రోజు సగంలో ఆగిపోయిన పాఠం ఉంది కదా మాస్టారూ, అదే మళ్లీ చెప్పండి," అంది. "నేనూ, కమిటీ నుంచి ఒకాయనా వెనక బెంచీలో కూర్చుంటాం. బాగుంటే మర్నాటినుంచి మీ క్లాసు మీదే. ఒకవేళ కష్టమనిపిస్తే స్టోరు గది చూసుకుందురుగానీ. జీతానికేం లోటుండదు."

"నాకు నా క్లాసు కావాలండీ," అన్నాడు మా ఆయన.

ఆవిడ వెళ్లాక కుర్చీ పట్టుకుని నిలబడిపోయాడు. "స్టోరు గదిలో నేనేం చెయ్యను? చీపుళ్లకి పాఠం చెప్పనా? క్లాసు లేకపోతే నేనెందుకే, చెప్పు?" అన్నాడు. కళ్లనీళ్లు తిరిగాయి ఆయనకి. చచ్చేలా ఏడవాలనిపించింది గానీ ఏడిస్తే పనులవుతాయా? ఆయన క్లాసు ఆయనకి దక్కాలి, నేను దక్కిస్తాను అనుకున్నాను.

అప్పుడు గుర్తొచ్చింది బేకరీ పిల్ల. సందు చివర బేకరీ వాళ్లమ్మాయి, మా ఆయన క్లాసే. నోట్లో మాట ఆగదు. కత్తెర పట్టుకుంటే చాలు, తల కదుపుతూ కబుర్లు చెబుతుంది. జుట్టు కత్తిరించడానికి కూర్చోబెట్టి, "ఆ రోజు మీ సార్ పాఠం ఎలా చెప్పారే?" అని అడిగాను. అడగడమే ఆలస్యం, మెడ చుట్టూ గుడ్డతోనే లేచి నిలబడి, నా దువ్వెన సుద్దముక్కలా పట్టుకుని, అచ్చం ఆయన గొంతుతో మొదలుపెట్టింది.

"మొదటి గదికి నాలుగు పుల్లలు. ఎందుకు నాలుగు? తలుపు దగ్గర ఒక పుల్ల నిలబెట్టాం. ఆ తర్వాత ప్రతి గదికీ మూడేసి. నూరు గదులైతే మూడు నూర్లు, తలుపు పుల్ల ఒకటి. మూడొందల ఒకటి! ఎన్ని గదులైనా సరే, మూడు ఎన్ ప్లస్ ఒకటి. సూత్రం వచ్చేసిందని ఎగరొద్దు. ముందు ఒకటి పెట్టి చూడు. మూడు ఒకట్లు మూడు, ప్లస్ ఒకటి, నాలుగు. మన దగ్గర ఉన్నవి ఎన్ని? నాలుగు. కుదిరింది! కుదరకపోతే? కొట్టెయ్! దాని మీద ప్రేమ పెంచుకోవద్దు."

నవ్వొచ్చింది నాకు. "తర్వాత?" అన్నాను.

బేకరీ పిల్ల దువ్వెన కిందకి దించింది. "తర్వాత సార్ పడిపోయారాంటీ," అంది.

అంతవరకు చాలనుకున్నాను. మర్నాటినుంచి మధ్యాహ్నాలు షట్టరు సగం దించి, మా ఆయన్ని అద్దం ముందు నిలబెట్టి పాఠం అప్పజెప్పించడం మొదలుపెట్టాను. నాలుగు, ఏడు, పది. నూరుకి మూడొందల ఒకటి. మూడు ఎన్ ప్లస్ ఒకటి. పద్యం బట్టీ పట్టించినట్టు పట్టించాను. నడిచే తీరు, ఎక్కడ ఆగాలి, ఎక్కడ పిల్లల వైపు తిరగాలి, అన్నీ. తెలియనిదేదైనా ఎవరైనా అడిగితే ఏం చెయ్యాలో కూడా చెప్పాను. "'ఎవరు చెబుతారు?' అని క్లాసు మీదకి తోసెయ్యండి. వాళ్లే చెబుతారు. నా దగ్గరికొచ్చే పెద్దమనుషులంతా చేసే పని అదే," అన్నాను.

"ఇది మోసం కదూ?" అన్నాడు ఒకరోజు, పాఠం మధ్యలో ఆపి. "బట్టీ కొట్టొద్దని పిల్లల్ని ఎన్నిసార్లు తిట్టానో."

"మోసమైతే అవనివ్వండి. మీ తల బాగుపడేదాకా కాస్త తోలు బొమ్మలా ఆడితే ఏం పోయింది?" అన్నాను కోపంగా. కోపం ఆయన మీద కాదు. ఎవరి మీదో చెబితే ఆ రక్తం గడ్డ మీద. అయినా విన్నాడు. మళ్లీ మొదటినుంచి చెప్పాడు.

వాళ్ల ముందు పాఠం చెప్పాల్సిన రోజు చొక్కా నేనే ఇస్త్రీ చేసి, గడ్డం నేనే గీసి, బడికి తీసుకెళ్లాను. నన్ను లోపలికి రానివ్వరు కదా, వరండాలో కిటికీ పక్కన నిలబడ్డాను. చిన్న గది. బెంచీల మీద సిరామరకలు, గోడకి పెచ్చులూడిన సున్నం. పిల్లలకి అగ్గిపుల్లలు ఇవ్వకూడదని హెడ్‌మేడమ్ ఐస్‌క్రీమ్ పుల్లల కట్టలు తెప్పించింది. వెనక బెంచీలో ఆవిడా, పక్కన కమిటీ ఆయనా. ఆయన పొట్ట బెంచీలో పట్టక పక్కకి తిరిగి కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు.

మా ఆయన సుద్దముక్క తీసుకున్నాడు. ఆయన పెదాలతోపాటు నా పెదాలూ ఆడుతున్నాయి. తలుపు పుల్ల అన్నాడు. మూడేసి అన్నాడు. ఎక్కడ ఆగమన్నానో అక్కడే ఆగాడు. పిల్లలు కళ్లప్పగించి చూస్తున్నారు, వాళ్ల సార్ తిరిగొచ్చాడని ఒకటే సంబరం. నూరుకి మూడొందల ఒకటి అనగానే కమిటీ ఆయన ఫోన్ నుంచి తలెత్తి, "మరి యాభైకో?" అన్నాడు.

"యాభైకి ఎవరు చెబుతారు?" అన్నాడు మా ఆయన, నిదానంగా.

"నూటయాభై ఒకటి సార్!" అని క్లాసంతా అరిచింది. కమిటీ ఆయన తలాడించాడు. మా ఆయన మూడు ఎన్ ప్లస్ ఒకటి అని పెద్దక్షరాలతో బోర్డు మీద రాశాడు. ఒకటి పెట్టి చూపించాడు. కుదిరింది. పాఠం అయిపోయింది! హెడ్‌మేడమ్ చేతిలో కాగితాలు సర్దుకుంది. కమిటీ ఆయన బెంచీలోంచి బయటపడడానికి పొట్ట సవరించుకుంటున్నాడు. గెలిచామండీ అనబోయాను పైకే.

మా ఆయన మొహం వెలిగిపోతోంది. ఆ మొహం చూసి ఎన్నాళ్లయిందో. రెండు చేతులూ రుద్దుకుని, క్లాసు వైపు తిరిగి, "సరే, ఇప్పుడు మీది మీరు కట్టండి!" అన్నాడు.

ఆ మాట మా పాఠంలో లేదు. బేకరీ పిల్ల నాకు చెప్పనూ లేదు, చెప్పడానికి ఆ రోజు పాఠం అక్కడిదాకా వెళ్లలేదు. ఆయన ఇన్నేళ్లూ ఆ పాఠాన్ని ముగించింది ఆ మాటతోనే అని నాకేం తెలుసు? తలలోంచి అన్నీ పోయాయి గానీ ఆ అలవాటు మాత్రం పోలేదు.

పిల్లలు పుల్లల మీద పడ్డారు. మొదటి బెంచీలో కూర్చున్న బేకరీ పిల్ల అందరికంటే ముందు చెయ్యెత్తింది. త్రిభుజాలు కట్టింది. మూడు పుల్లలతో ఒకటి, దానికి రెండు పుల్లలు కలిపి ఇంకొకటి, ఇంకో రెండు కలిపి ఇంకొకటి. నాకు కిటికీలోంచి కనబడుతూనే ఉంది. "సార్, నాదానికి సూత్రం ఏంటి సార్?"

ఎవరు చెబుతారు అంటే సరిపోయేది. ఆ సంతోషంలో మర్చిపోయాడు. "మూడు ఎన్ ప్లస్ ఒకటి," అన్నాడు ధీమాగా.

బేకరీ పిల్ల వెంటనే వేలితో బెంచీ మీద రాసుకుంది. ఆయన నేర్పిన బుద్ధే. "ముందు ఒకటి పెట్టి చూస్తే నాలుగొస్తోంది సార్. నా మొదటి త్రిభుజానికి మూడే ఉన్నాయి," అంది.

మా ఆయన త్రిభుజం వైపు చూశాడు, బోర్డు వైపు చూశాడు. మళ్లీ త్రిభుజం వైపు. పెదాలు కదిపాడు. వదిలెయ్యవే తల్లీ, వదిలెయ్ అని మనసులో మొక్కుకున్నాను. అప్పుడా పిల్లకి అర్థమైంది. అది తెలివైన పిల్ల. ఆయన మొహం చూసింది, వెనక బెంచీ వైపు ఒక్కసారి తిరిగి చూసింది. పక్కపిల్ల కుప్పలోంచి ఒక పుల్ల తీసి తన త్రిభుజం కొసకి ఆనించి పెట్టింది.

"నాలుగే సార్. నేనే తప్పు లెక్కపెట్టాను," అంది.

కమిటీ ఆయన ఏదీ గమనించలేదు. "బాగుంది, బాగుంది," అంటూ లేచాడు. హెడ్‌మేడమ్ చూసింది. చూసి, తల వంచుకుని చేతిలో కాగితాలు చదువుతున్నట్టు నటించింది. దేవతలాంటి మనిషి. అంతే, ఇంకేం మిగల్లేదు. మా ఆయన 'కూర్చో అమ్మా' అంటే చాలు, క్లాసు ఆయనదే.

మా ఆయన బెంచీ దగ్గరికి నడిచాడు. వంగి, ఆ నాలుగో పుల్ల తీశాడు.

"దీనికిక్కడేం పని?" అన్నాడు.

పిల్ల చేతులు వెనక్కి పెట్టుకుంది.

"చెప్పమ్మా. త్రిభుజానికి ఎన్ని పుల్లలు?"

"మూడు సార్."

"నా సూత్రం ఎంత చెప్పింది?"

"నాలుగు."

"అయితే ఏది తప్పు?"

బేకరీ పిల్ల కింది పెదవి కొరుక్కుంది. మా ఆయన అలాగే నిలబడ్డాడు. "ఏది తప్పో చెప్పమ్మా," అన్నాడు మళ్లీ, మెల్లగా.

"మీది సార్," అని ఏడ్చేసింది.

"శభాష్," అన్నాడు. బోర్డు దగ్గరికెళ్లి ఆ సూత్రాన్ని అడ్డంగా కొట్టేశాడు. కింద మూడు, అయిదు, ఏడు అని రాశాడు. తొమ్మిది రాశాడు. పదకొండు. పదమూడు. నేను కళ్లు మూసుకున్నాను. సుద్ద గీసుకుంటున్న చప్పుడు ఆగలేదు. కళ్లు తెరిచేసరికి బోర్డు అంచుదాకా అంకెలే, ఆ కిందా అంకెలే, రాయడానికి చోటు లేదు. ఎవ్వరూ చెయ్యెత్తలేదు. రెండు ఎన్ ప్లస్ ఒకటి అని ఆ గదిలో సగంమందికి తెలుసని నాకు తర్వాత తెలిసింది.

మా ఆయన సుద్దముక్క టేబుల్ మీద పెట్టి వెనక్కి తిరిగాడు. "నాకు రావట్లేదు మేడమ్. తర్వాతది వస్తోంది, అంతే," అన్నాడు.

"అబ్బే, ఒక్కదానికేనా మాస్టారూ! ఒక్క పొరపాటు ఎవరికి రాదు?" అన్నాడు కమిటీ ఆయన.

"సూత్రం తప్పని తేలడానికి ఒక్కటి చాలండీ," అన్నాడు మా ఆయన.

ఇంటికి వెళ్లేదాకా నేను నోరు మూసుకుని ఉంటే ఎంత బాగుండేది! రోడ్డు మీదే అరిచేశాను. "ఆ పిల్ల మీ కోసం అబద్ధం ఆడింది కదా! మేడమ్ కూడా ఊరుకుంది కదా! మీకెందుకండీ అంత పొగరు? నేనేమైపోవాలి? ఇన్నాళ్లూ నేను పడ్డ కష్టమంతా ఏమైపోవాలి?"

మా ఆయన ఆగాడు. చేతికంటిన సుద్దపొడి దులుపుకున్నాడు. "ఇవాళ ఆ పిల్ల నా కోసం ఒక పుల్ల కలిపింది," అన్నాడు. "రేపు ఇంకొకటి కలుపుతుంది. తర్వాత క్లాసంతా కలుపుతుంది. నేనంటే వాళ్లకి అంత ప్రాణం. అప్పుడు వాళ్లకి నేను ఏం నేర్పినట్టు?"

ఏడుస్తూ నడిచాను. నడుస్తూనే, "త్రిభుజాల సంగతి నాకు తెలిసుంటే అదీ నేర్పించేదాన్ని," అన్నాను.

"ఎన్నని నేర్పిస్తావే," అన్నాడు. అందులో నిష్ఠూరం లేదు. నా చెయ్యి పట్టుకున్నాడు.

ఇప్పుడు స్టోరు గదిలోనే ఉంటున్నాడు. పొద్దున్నే వెళ్తాడు, సాయంత్రం వస్తాడు. మా వదిన ఫోన్ చేసి, ఒత్తిడి లేని పని దొరికింది, అదృష్టవంతుడు అంటుంది. ఫోన్ పెట్టేస్తాను.

బేకరీ పిల్ల చాలాకాలం నా సెలూన్‌కి రాలేదు. జుట్టు కళ్లలో పడుతోందని మొన్న వాళ్లమ్మ లాక్కొచ్చి కుర్చీలో కుదేసి వెళ్లింది. ఒక్క కబురు చెప్పలేదు. అద్దంలోకి చూడనూ లేదు. సగం కత్తిరించాక తనే అంది:

"నిన్న కొత్త టీచర్ పుల్లల కట్టలు తెమ్మని నన్ను స్టోరుకి పంపారాంటీ. సార్ ఒక్కొక్క పుల్లా లెక్కపెట్టి ఇచ్చారు."

"ఏమైనా అన్నారా?"

"ఎన్ అంటే ఎంతమ్మా అని అడిగారు."

కత్తెర ఆగింది. "నువ్వేమన్నావు?"

"ఎంతైనా సార్, మనకి కావాల్సినంత, అన్నాను. మీరేగా సార్ చెప్పింది అన్నాను." పిల్ల ముక్కు తుడుచుకుంది. "అంటే నీకూ తెలీదన్నమాట, అన్నారాంటీ."

"నవ్వారా?" అన్నాను.

"లేదాంటీ," అంది.

నేను దాని తల నిటారుగా పట్టుకుని మిగతా జుట్టు కత్తిరించాను.